తేలికపాటి లినక్స్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ముందే ఉండాలి?

లుబుంటు అన్నది ఉబుంటు లినక్స్‌కు తేలికపాటి రూపం. 2018 ఏప్రిల్‌లో విడుదలైన లుబుంటు 18.04 మెనూని, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 18.10 మెనూని పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే ఇంటివంటే నమ్మబుద్ధి కాదు. ఏప్రిల్ లుబుంటులో రాతపనికి అబివర్డ్, లెక్కలకు గ్నుమెరిక్, మెయిల్‌కు సిల్ఫీడ్, చిన్న చిన్న నోట్సుకు లీఫ్‌ప్యాడ్, ఫొటోలకు జీపిక్‌వ్యూ, పీడీఎఫ్‌లకు ఎవిన్స్, పాటలకు ఆడాషస్ ఉండేవి. ఆరు నెలలు తిరిగేసరికి వీటిలో ఒక్కటీ మిగల్లేదు. లిబ్రేఆఫీస్, ట్రొజిటా, ఫెదర్‌ప్యాడ్, ఎల్ఎక్స్ఇమేజ్, క్యూపీడీఎఫ్‌వ్యూ, వీఎల్‌సీ వచ్చి కూర్చున్నాయి. ఫైర్‌ఫాక్స్ మాత్రం తన చోట తాను ఉండిపోయింది.

పాత యంత్రాలకు పేరుపడ్డ లుబుంటు, అబివర్డ్ లాంటి బుల్లి ప్రోగ్రామును తీసేసి లిబ్రేఆఫీస్ లాంటి పెద్దదాన్ని పెట్టడమేమిటని అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు. ఆ బాధ అర్థమయ్యేదే. అయితే ఆ మార్పు వెనకున్న లెక్కను విప్పి చూస్తే, 'తేలిక' అనే మాటకు మనం ఇచ్చుకుంటున్న అర్థంలోనే లోపం ఉందని తెలుస్తుంది. ప్రతి పనికీ ఉన్నవాటిలో అతి చిన్న ప్రోగ్రామును ఏరి ఒకచోట పోగేస్తే తేలికైన డెస్క్‌టాప్ తయారుకాదు. ఒకే కుటుంబానికి చెందిన, ఇంకా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్న, వాడేవాళ్ల భాష సరిగ్గా చూపించే ప్రోగ్రాములను ఎంచుకుంటేనే అది సాధ్యం. సైజు చూడాల్సింది ఆ తర్వాతే.

ఈ ఎంపికకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, చాలామంది ముందే ఉన్నదాన్ని మార్చరు. లినక్స్ కొత్తగా ఎక్కించుకున్నవాళ్లకు అందులో ఏముందో అదే లినక్స్. రాయడానికి ఉన్న ప్రోగ్రాము డాక్ఎక్స్ ఫైలును చెడగొడితే 'ఈ ప్రోగ్రాము బాగాలేదు' అనరు, 'లినక్స్‌లో వర్డ్ ఫైళ్లు తెరుచుకోవు' అంటారు. డిస్ట్రో (లినక్స్‌నూ ప్రోగ్రాములనూ కలిపి ఇచ్చే లుబుంటు లాంటి కూర్పు) తయారుచేసేవాళ్లు ఒక పేరు తీసి మరో పేరు పెట్టినప్పుడు, తాము ఎన్నడూ చూడని వేలమంది తరఫున నిర్ణయం తీసుకుంటున్నట్టే.

కుటుంబం లెక్క

లినక్స్‌లో కిటికీలు, బటన్లు, మెనూలు గీసే పనిని చాలా ప్రోగ్రాములు సొంతంగా చేసుకోవు. ఆ పని టూల్‌కిట్ అనే లైబ్రరీలది. ప్రధానంగా రెండు కుటుంబాలు: జీటీకే, క్యూటీ. డెస్క్‌టాప్‌లలో గ్నోమ్, ఎక్స్ఎఫ్‌సీఈ, 18.04 దాకా లుబుంటులో ఉన్న పాత ఎల్ఎక్స్‌డీఈ జీటీకే వైపు. కేడీఈ, 18.10తో లుబుంటుకు వచ్చిన ఎల్ఎక్స్‌క్యూటీ క్యూటీ వైపు.

ఒక కుటుంబంలోని మొదటి ప్రోగ్రామును తెరవగానే ఆ కుటుంబపు లైబ్రరీలు ర్యామ్‌లోకి ఎక్కుతాయి. అదే కుటుంబంలోని రెండో ప్రోగ్రామును తెరిస్తే వాటిని మళ్లీ ఎక్కించాల్సిన పని లేదు, ఉన్నవాటినే ఇద్దరూ పంచుకుంటారు. ఉమ్మడి కుటుంబంలో వంటగది ఒక్కటే అయినట్టు. మూడోది వేరే కుటుంబానిదైతే దాని కోసం రెండో పొయ్యి వెలిగించాలి. దాని లైబ్రరీలు, దాని థీమ్, దాని ఐకాన్లు, ఫైలు ఎంచుకోమనే దాని సొంత కిటికీ, అన్నీ కొత్తగా దిగుతాయి.

అందుకే ప్రోగ్రాములను విడివిడిగా కొలిచే అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. ఏ ప్రాసెస్ ఎంత ర్యామ్ తింటోందో చూపించే పట్టీల్లో సాధారణంగా కనిపించేది ఆర్ఎస్ఎస్ అనే అంకె. పంచుకున్న లైబ్రరీల బరువును అది ప్రతి ప్రోగ్రాము ఖాతాలోనూ పూర్తిగా రాసేస్తుంది. ఒకే వంటగది ఖర్చును నలుగురు అన్నదమ్ముల పద్దుల్లోనూ పూర్తిగా రాసి చివర్లో కూడితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. పంచుకున్నదాన్ని వాటాలు వేసి చూపించే అంకె పీఎస్ఎస్. స్మెమ్ అనే చిన్న పరికరం దాన్ని చూపిస్తుంది. ఏ డెస్క్‌టాప్ తేలికో తేల్చాలనుకునేవాళ్లు చూడాల్సింది దాన్ని. లేదంటే యంత్రాన్ని కొత్తగా ఆన్ చేసి, కావాల్సిన నాలుగు ప్రోగ్రాములూ తెరిచి, ఫ్రీ కమాండ్ చూపే పట్టీలో 'అవైలబుల్' గడి కింద ఎంత మిగిలిందో చూసినా చాలు.

18.04 లుబుంటులో పట్టు సడలింది ఇక్కడే. పాత ఎల్ఎక్స్‌డీఈ మొత్తం జీటీకే 2 మీద నిలబడి ఉంది. ఎవిన్స్ లాంటివి అప్పటికే జీటీకే 3కి వెళ్లిపోయాయి. పేరుకు ఒకే కుటుంబమైనా ఈ రెండూ ర్యామ్‌లో వేర్వేరు లైబ్రరీలే. పైకి అంతా జీటీకేగానే కనిపిస్తున్నా లోపల రెండు పొయ్యిలూ వెలుగుతూనే ఉన్నాయి. ఎల్ఎక్స్‌డీఈని తైవాన్‌లో మొదలుపెట్టిన హాంగ్ జెన్ యీ 2013లో తన ఫైల్ మేనేజర్ పీసీమ్యాన్ఎఫ్ఎంను క్యూటీలోకి రాసి చూశారు. జీటీకే 3కి మారడంకన్నా క్యూటీకి వెళ్లడమే మేలనిపించింది. అదే ఏడాది రేజర్-క్యూటీ అనే మరో ప్రాజెక్టు వచ్చి కలిసింది. ఆ కలయికలోంచి పుట్టిందే ఎల్ఎక్స్‌క్యూటీ. డెస్క్‌టాప్ క్యూటీ అయ్యాక దాని మీది ప్రోగ్రాములూ క్యూటీవే కావడం సహజం. 18.10లో జరిగిన ఊచకోతకు అసలు కారణం ఇదే. లీఫ్‌ప్యాడ్ మీద ఎవరికీ కోపం లేదు.

ఈ నియమానికి కట్టుబడి ఉంటే వచ్చే లాభం ఒకటుంది, దాన్ని చాలామంది గమనించరు. కుటుంబం ఒక్కటైనప్పుడు పెద్ద ప్రోగ్రాము కూడా చవకగా వస్తుంది. కేడీఈవాళ్ల పీడీఎఫ్ ప్రోగ్రాము ఒక్యులర్ ఇందుకు మంచి ఉదాహరణ. పీడీఎఫ్‌లలో ఫారాలు నింపడం, డిజిటల్ సంతకాలు సరిచూడడం అందులో ఉన్నాయి. ధ్రువపత్రాలూ రశీదులూ సంతకంతో కూడిన పీడీఎఫ్‌లుగా వస్తున్న ఈ రోజుల్లో అవి అక్కరకొచ్చే పనులు. ఎక్స్ఎఫ్‌సీఈ మీద ఒక్యులర్ ఎక్కిస్తే దాని వెంట క్యూటీ, కేడీఈ లైబ్రరీల పరివారమంతా దిగుతుంది. ఎల్ఎక్స్‌క్యూటీ మీదైతే క్యూటీ ఎలాగూ ఉంది, మిగిలినవి కొన్ని వస్తే చాలు. అందుకని 'ఒక్యులర్ తేలికా, బరువా?' అని విడిగా అడిగితే జవాబుండదు. ఏ ఇంట్లో అన్నది చెబితేనే ఉంటుంది.

బ్రౌజర్ దగ్గర తేలిక మాటలు చెల్లవు

ఖాళీ డెస్క్‌టాప్ ఎంత ర్యామ్ తీసుకుంటుందన్న పందేలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఒకరు యాభై మెగాబైట్లు తగ్గించామంటారు, మరొకరు వంద తగ్గించామంటారు. ఆ పక్కనే బ్రౌజర్ తెరిచి ఒక మెయిల్ ట్యాబ్, ఒక వీడియో ట్యాబ్ పెడితే ఆ మిగులు అంతా ఒక్క నిమిషంలో ఆవిరైపోతుంది. ఇవాళ్టి బరువైన వెబ్ పేజీ ఒక్కొక్కటి వందల మెగాబైట్లు అడుగుతుంది. యంత్రం పాతదా కొత్తదా అని అది చూడదు.

బ్రౌజర్‌నే తేలికైనది పెడితే? డిల్లో, నెట్‌సర్ఫ్ లాంటివి ఉన్నాయి. డిల్లో అద్భుతమైన పనితనం, కొన్ని మెగాబైట్లలో ఇమిడిపోతుంది. 2015 తర్వాత దాదాపు 9 ఏళ్లు నిద్రపోయి, 2024 మేలో 3.1 వెర్షనుతో మళ్లీ లేచింది. కానీ అందులో జావాస్క్రిప్ట్ లేదు. అంటే బ్యాంకు పని జరగదు, రైలు టికెట్ దొరకదు, పరీక్ష ఫలితాల పేజీల్లో చాలావరకు తెరుచుకోవు. డాక్యుమెంటేషన్ చదువుకునే ప్రోగ్రామర్‌కు అది రెండో బ్రౌజర్‌గా బంగారమే. ఇంట్లోవాళ్లకు మొదటి బ్రౌజర్‌గా మాత్రం ఇవ్వకూడదు. 2024లో మళ్లీ వచ్చిన డ్యామ్ స్మాల్ లినక్స్ ఈ సంగతిని నిజాయితీగా ఒప్పుకుంది. ఒకప్పుడు 50 మెగాబైట్లకు గిరిగీసుకున్న ఆ డిస్ట్రో ఈసారి గీతను 700 మెగాబైట్లకు, అంటే ఒక సీడీ కొలతకు జరిపింది. డిల్లో, లింక్స్2 ఉంచుతూనే వాటి పక్కన ఆధునిక పేజీలు తెరిచే బ్యాడ్‌వుల్ఫ్‌నూ పెట్టింది.

పాత యంత్రం ఎన్నాళ్లు బతుకుతుందో చివరకు చెప్పేది కూడా బ్రౌజరే. గూగుల్ క్రోమ్ 32-బిట్ లినక్స్‌ను 2016లోనే వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 2025 నవంబరులో వచ్చిన 145వ వెర్షనుతో వదిలేసింది. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13కు 32-బిట్ పీసీల ఇన్‌స్టాలరే లేదు. లుబుంటు 19.04 నుంచే ఆ ఐఎస్ఓలు (ఎక్కించుకోవడానికి డౌన్‌లోడ్ చేసే ఫైళ్లు) ఆపేసింది. ఇకమీదట 32-బిట్ ప్రాసెసర్ మీద ఎంత తేలికైన డెస్క్‌టాప్ అయినా పెట్టుకోవచ్చు గానీ, దాంతో ఆన్‌లైన్ బ్యాంకింగ్ చేయించాలనుకోవడం మంచిది కాదు. భద్రతా సవరణలు ఆగిపోయిన బ్రౌజర్‌ను ఎవరికీ డిఫాల్ట్‌గా ఇవ్వకూడదు. ఈ విషయంలో రాజీ ఉండరాదు.

బ్రౌజర్ పేరుతోపాటు అది ఏ రూపంలో వస్తుందన్నదీ ముఖ్యమే. ఉబుంటు 2022 ఏప్రిల్‌లో వచ్చిన 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్‌ను మామూలు డెబ్ ప్యాకేజీగా కాక స్నాప్‌గా మాత్రమే ఇస్తోంది. స్నాప్ అంటే ప్రోగ్రామూ దానికి కావాల్సిన లైబ్రరీలూ అన్నీ కలిపి నొక్కిపెట్టిన ఒకే మూట. తెరిచినప్పుడల్లా ఆ మూటలోంచి విప్పుకుంటూ చదవాలి. ఎస్ఎస్‌డీ ఉన్న కొత్త యంత్రంలో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. తిరిగే హార్డ్ డిస్కు, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆన్ చేసిన తర్వాత మొదటిసారి ఫైర్‌ఫాక్స్ నొక్కితే ఏమీ జరగనట్టే ఉంటుంది. డిస్కు లైటు గబగబా కొట్టుకుంటుంది, కిటికీ రాదు. నొక్కలేదేమోనని మళ్లీ నొక్కుతారు. దాంతో యంత్రం మరింత నెమ్మదిస్తుంది. పైగా మూట తన లైబ్రరీలు తానే తెచ్చుకుంటుంది కాబట్టి పైన చెప్పుకున్న ఉమ్మడి వంటగది లాభమూ ఉండదు.

లినక్స్ మింట్ 2020లోనే స్నాప్‌ను పక్కనపెట్టి క్రోమియంను సొంతంగా ప్యాకేజీ చేసుకోవడం మొదలుపెట్టింది. మొజిల్లా కూడా 2024 జనవరి నుంచి డెబియన్, ఉబుంటు కుటుంబాలకు డెబ్ ప్యాకేజీలను నేరుగా ఇస్తోంది. తేలికపాటి డిస్ట్రోలకు ఈ దారే సరైనది. ఉబుంటు గొడుగు కింద ఉన్నందుకు లుబుంటు స్నాప్‌ను మోయాల్సి వస్తోంది. అధికారిక గుర్తింపుకు అది చెల్లిస్తున్న మూల్యం.

వీడియో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాత యంత్రంలో యూట్యూబ్ ఆగి ఆగి నడిస్తే తప్పు డెస్క్‌టాప్‌దనుకుంటారు. చాలాసార్లు కారణం కోడెక్, అంటే వీడియోను కుదించి, విప్పే పద్ధతి. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9 రూపంలో వీడియో పంపుతుంది. కోర్ 2 డ్యుయో కాలంనాటి గ్రాఫిక్స్ చిప్పులకు దాన్ని విప్పే హార్డ్‌వేర్ లేదు. ఇంటెల్ చిప్పుల్లో అది పూర్తిగా వచ్చింది కేబీ లేక్ తరంతోనే. అంతకుముందువి ఆ భారాన్ని పూర్తిగానో కొంతగానో ప్రాసెసర్ మీదే వేస్తాయి. హెచ్264ఇఫై అనే చిన్న ఎక్స్‌టెన్షన్ పెడితే యూట్యూబ్ పాత హెచ్.264 రూపంలోనే పంపుతుంది, అదే యంత్రం ఊపిరి పీల్చుకుంటుంది. కిటికీల నీడలూ మెరుపులూ తీసేసి సంపాదించేదానికన్నా ఈ ఒక్క సర్దుబాటుతో దక్కేది ఎక్కువ.

దిక్కులేని ప్రోగ్రాములు

లీఫ్‌ప్యాడ్ చివరి విడుదల 2010లో. జీటీకే 4 వచ్చిన 2020 డిసెంబరుతో జీటీకే 2కి అధికారికంగా మద్దతు ముగిసింది. అలాంటి ప్రోగ్రాము ఇవాళ తెరుచుకోవచ్చు, రేపూ తెరుచుకోవచ్చు. కానీ దానిలో ఒక లోపం బయటపడితే ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. చిన్న ప్రోగ్రాములకు ఈ జబ్బు ఎక్కువ. ఒకరిద్దరి సెలవు రోజుల కష్టంతో నడుస్తుంటాయి, వాళ్లకు ఉద్యోగమో సంసారమో అడ్డొస్తే ఆగిపోతాయి. ఆ కష్టాన్ని తక్కువ చేయడానికి కాదు ఈ మాట. అది ఎంత విలువైనదో, ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో తెలుసుకుని ఎంచుకోవాలని.

మార్చినప్పుడు కూడా పొరపాట్లు జరుగుతాయి. 18.10లో సిల్ఫీడ్ బదులు ట్రొజిటా వచ్చింది. కుటుంబం సరిపోయింది, అది క్యూటీలోనే రాసింది. కానీ సర్వర్ నుంచి మెయిల్ తెచ్చుకునే రెండు పద్ధతుల్లో ట్రొజిటాకు ఐమ్యాప్ మాత్రమే తెలుసు, రెండోదైన పాప్ వాడేవాళ్లకు పనికిరాదు. దాని చివరి విడుదల 2016లో వచ్చింది. అంటే లుబుంటులోకి అడుగుపెట్టేనాటికే రెండేళ్లుగా కొత్త వెర్షన్ లేదు. టూల్‌కిట్ ఒక్కటే చూసి ఎంచుకుంటే ఇలాగే అవుతుంది. అసలు ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరే: మెయిల్ ప్రోగ్రాము డిఫాల్ట్‌గా ఉండాలా? ఎక్కువమంది మెయిల్‌ను బ్రౌజర్లోనో ఫోనులోనో చూసుకుంటున్నారు. కావాల్సినవాళ్లు థండర్‌బర్డ్ అడిగి మరీ ఎక్కించుకుంటారు. లేని అవసరానికి ఏదో ఒకటి పెట్టి మెనూ నింపడంకన్నా ఆ చోటు ఖాళీగా వదిలేయడం మంచిది.

రాతపనికి ఈ వాదన వర్తించదు. అబివర్డ్ చిన్నదే, చటుక్కున తెరుచుకుంటుంది. కానీ కాలేజీ నుంచో ఆఫీసు నుంచో వచ్చిన డాక్ఎక్స్ ఫైలులోని పట్టికలు అందులో చెదిరిపోతాయి. చెదిరిన ఫైలును అలాగే సేవ్ చేసి తిరిగి పంపితే అవతలివాళ్ల దగ్గర కూడా చెదిరే ఉంటుంది. తన పత్రం పాడైన మనిషికి ప్రోగ్రాము ఎంత త్వరగా తెరుచుకుందన్నది ఊరట కాదు. లిబ్రేఆఫీస్ మొదటిసారి తెరుచుకోవడానికి టైము తీసుకుంటుంది, డిస్కు మీద చోటూ ఎక్కువే అడుగుతుంది. అయినా డిఫాల్ట్‌గా ఉండాల్సింది అదే. లుబుంటు ఆ రోజు తీసుకున్న నిర్ణయాల్లో ఎక్కువ తిట్లు తిన్నదీ, అన్నింటికన్నా సరైనదీ ఇదే. (అను స్క్రిప్టులో టైపు చేసిన పాత తెలుగు ఫైళ్ల సంగతి వేరు. అవి యూనికోడ్ కావు కాబట్టి ఆ ఫాంట్లు లేనిదే ఏ ఆఫీసులోనూ తెలుగులా కనిపించవు. అందులో లినక్స్ తప్పేమీ లేదు.)

'లక్ష్మి' అని రాసి చూడాలి

తెలుగు పాఠకులకు సంబంధించినంతవరకు ప్రోగ్రామును పరీక్షించడానికి ఒక్క పేరు చాలు: లక్ష్మి. కంప్యూటరు లోపల ఇది ఏడు సంకేతాల వరస. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వీటిని అలాగే వరసగా పేర్చుకుంటూ పోతే తెలుగు అవదు. 'క'కు 'ష' ఒత్తుగా చేరాలి, 'మ' ఆ కిందకు రావాలి, గుడి వెనక్కి వెళ్లి 'క' నెత్తిన కూర్చోవాలి. ఇదంతా చేసేది షేపింగ్ ఇంజన్. లినక్స్‌లో ఈ పని దాదాపు అంతటా హార్ఫ్‌బజ్‌దే. జీటీకే ప్రోగ్రాములు ప్యాంగో అనే లైబ్రరీ ద్వారా, క్యూటీ ప్రోగ్రాములు నేరుగా దాన్నే పిలుస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో అదే, లిబ్రేఆఫీస్‌లోనూ అదే.

అతి తేలికైన ప్రోగ్రాములు తేలిగ్గా ఉండడానికి ఒక కారణం, ఈ ఇంజన్ వాటిలో లేకపోవడం. డిల్లో ఆధారపడే ఎఫ్ఎల్‌టీకే 1.3 అనే చిన్న టూల్‌కిట్ సంకేతాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే చేస్తుంది. ఎక్స్‌టర్మ్ లాంటి పాత టెర్మినళ్లదీ (కమాండ్లు టైపు చేసే కిటికీలదీ) అదే తీరు. అక్కడ లక్ష్మి కాస్తా 'ల క్ ష్ మి' అయి విరిగిపోతుంది. ఇంగ్లిషు చదివేవాళ్లకు ఈ లోటు ఎప్పటికీ కనిపించదు. అందుకే ఏది తేలికో ర్యాంకులు వేసే పట్టికల్లో దీనికి గడే ఉండదు. తెలుగువాళ్లకు మాత్రం అది వాడదగ్గ ప్రోగ్రామా కాదా అన్నది తేలేది అక్కడే. ఒత్తులు చూపించలేని ప్రోగ్రాము ఎన్ని మెగాబైట్లు ఆదా చేసినా మనకు చేసిన మేలేమీ లేదు.

ఇంజన్ ఉన్నా ఫాంటు లేకపోతే డబ్బాలే కనిపిస్తాయి. చోటు మిగల్చడానికి కొన్ని డిస్ట్రోలు మొదట కోత పెట్టేది ఫాంట్ల మీదే. చైనీస్, జపనీస్, కొరియన్ ఫాంట్ల మూట పదుల మెగాబైట్లుంటుంది కాబట్టి దాన్ని తీస్తే చోటు మిగిలిన మాట నిజమే. తెలుగు ఫాంటు ఒక మెగాబైటు కూడా నిండదు. దాన్ని తీయడంలో అర్థం లేదు. డెబియన్, ఉబుంటుల్లో ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీ ఎక్కిస్తే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. లోహిత్ తెలుగు ఒక్కటే కావాలంటే దానికీ ఒక ప్యాకేజీ ఉంది.

టైపింగ్ దగ్గర మాత్రం నిజంగా కాస్త పొదుపు చేయవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక అలవాటున్నవాళ్లకు ఐబస్ గానీ ఎఫ్‌సీటీఎక్స్ గానీ, అంటే టైపింగ్‌కు సాయపడుతూ నేపథ్యంలో నడిచే ప్రోగ్రాములేవీ, అక్కర్లేదు. లినక్స్‌లో ఉండే ఎక్స్‌కేబీ కీబోర్డు పట్టికల్లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఎప్పటినుంచో ఉంది, సరళ అనే మరో అమరికా ఉంది. సెట్టింగుల్లో ఇండియా కింద తెలుగును కలుపుకుంటే చాలు, నేపథ్యంలో ఏ ప్రోగ్రామూ నడవక్కర్లేదు. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించుకునేవాళ్లకు మాత్రం ఐబస్ లేదా ఎఫ్‌సీటీఎక్స్, దాంతోపాటు ఆ అక్షరాలను తెలుగులోకి మార్చే ఎం17ఎన్ ఉండాలి.

కనిపించని చిల్లర పనులు

మెనూలో పేరు లేని కొన్ని ముక్కలు ఉంటాయి. అవి లేవన్న సంగతి లేనప్పుడే తెలుస్తుంది. ఫోనును కేబుల్‌తో తగిలిస్తే ఫైల్ మేనేజర్లో ఫోను కనిపించాలి. ఆ పని ఫైల్ మేనేజర్ చేయదు, దాని వెనకున్న జీవీఎఫ్ఎస్ చేస్తుంది. ఎల్ఎక్స్‌క్యూటీలోని పీసీమ్యాన్ఎఫ్ఎం-క్యూటీ కూడా, క్యూటీ ప్రోగ్రామై ఉండి, దీనికోసం జీటీకే పక్కింటి జీఐఓనే ఆశ్రయిస్తుంది. 'రెకమెండెడ్' ప్యాకేజీలు వద్దని చెప్పి పొదుపుగా ఎక్కించుకునేవాళ్లు తమకు తెలియకుండానే వదిలేసేది సరిగ్గా ఇలాంటివాటినే. ఆనక ఫోను తగిలిస్తారు, అది ఛార్జ్ అవుతుంటుంది, ఫొటోలు మాత్రం కనబడవు.

పోల్‌కిట్ ఏజెంటుదీ ఇలాంటి కథే. రెండో డిస్కు మీద రెండుసార్లు నొక్కితే పాస్‌వర్డ్ అడిగే కిటికీ రావాలి. ఆ కిటికీని చూపించే చిన్న ప్రోగ్రాము నడుస్తూ ఉండకపోతే ఏమీ జరగదు, ఎందుకు జరగలేదో సరిగ్గా చెప్పేదీ ఉండదు. అడిగిందల్లా కొన్ని మెగాబైట్లు. దాన్ని తీసేసి సాధించిన తేలికతనం, వాడే మనిషికి అరగంట అయోమయంగా తిరిగివస్తుంది. ప్రింటరూ బ్లూటూతూ కూడా ఈ కోవలోవే.

'డిఫాల్ట్' అనే మాటకు రెండో అర్థం కూడా ఉంది: ఏ రకం ఫైలును నొక్కితే ఏ ప్రోగ్రాము తెరవాలి అన్నది. ఈ లెక్కలు మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్ అనే సాదా టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. డిస్ట్రో తన డెస్క్‌టాప్ పేరుతో ఒకటి ముందే రాసి పెట్టాలి. రాయకపోతే కొత్తగా ఎక్కిన ప్రతి ప్రోగ్రామూ తానూ హక్కుదారునంటూ వరసలో నిలబడుతుంది. వీఎస్ కోడ్ ఎక్కించాక ఫోల్డరు నొక్కితే ఫైల్ మేనేజర్ బదులు ఎడిటర్ తెరుచుకోవడం చాలామందికి ఎదురైన అనుభవమే. ఫోల్డర్లు కూడా తెరవగలనని ఆ ప్రోగ్రాము తన డెస్క్‌టాప్ ఫైలులో రాసుకుంటుంది, తప్పేమీ కాదు. ఫోల్డరు ఎవరిదో ముందే తేల్చి రాయకపోవడమే ఇబ్బందికి మూలం. మంచి డిస్ట్రోలో ఈ జాబితా నిండుగా ఉంటుంది. ఏ సమీక్షలోనూ దీని ప్రస్తావన కనబడదు గానీ, రోజూ వాడేవాళ్లకు తెలియకుండానే సుఖం ఇచ్చేది ఇదే.

ఎంచుకున్నాక మార్చడం

ఎల్ఎక్స్‌డీఈ నుంచి ఎల్ఎక్స్‌క్యూటీకి జరిగిన మార్పు ఎంత లోతైనదంటే, 18.04 నుంచి 20.04కు నేరుగా అప్‌గ్రేడ్ చేసుకోవడానికి లుబుంటు మద్దతివ్వలేదు. కొత్తగా ఎక్కించుకోమంది. దానికి ముందే, 2018 ఆగస్టులో, పాత యంత్రాలే తమ లక్ష్యం కాదని, ఇకపై కనీస ర్యామ్ ఇంత ఉండాలన్న అంకెలు ఇవ్వబోమని కూడా ప్రకటించింది. ఈ రెండో నిర్ణయాన్ని పూర్తిగా సమర్థించడం కష్టం. బ్రౌజర్ ఎంత తింటుందో తాము చెప్పలేమన్న మాట నిజమే. కానీ తమ చేతిలోని పాత ల్యాప్‌టాప్‌కు ఇది సరిపోతుందా అని అడిగేవాళ్లకు సుమారు జవాబైనా దక్కాలి. 18.04 ఐఎస్ఓ ఒక జీబీకి కాస్త అటూఇటూగా ఉంటే 24.04ది 3 జీబీ దరిదాపుల్లో ఉంది. డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు ఈ తేడాను ఎలాగూ గమనిస్తారు.

ఆ 24.04లోనే మంచి మార్పూ ఒకటి వచ్చింది. ఎక్కించేటప్పుడు మినిమల్, నార్మల్, ఫుల్ అని మూడు దారులు చూపిస్తుంది. మినిమల్‌లో డెస్క్‌టాప్ తప్ప మరేమీ ఉండదు. బ్రౌజర్ ఉండదు, స్నాప్ వ్యవస్థ కూడా ఉండదు. ఫుల్‌లో థండర్‌బర్డ్, బొమ్మలు గీసే క్రితా వంటివి అదనంగా వస్తాయి. డిస్ట్రోవాళ్లు అందరి తరఫునా ఒకే నిర్ణయం తీసుకునే భారాన్ని ఇలా కొంత దించుకున్నారు.

సొంత యంత్రానికైతే, టెర్మినల్ అంటే భయం లేనివాళ్లకు మినిమల్ చక్కగా సరిపోతుంది. మొజిల్లా ఇచ్చే డెబ్ ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, ఒక్యులర్ ఎక్కించుకుంటే రోజువారీ పనులకు చాలు. మరొకరికి ఇచ్చే యంత్రానికి, ఊళ్లో అమ్మానాన్నలకో, చదువుకునే పిల్లలకో, నార్మల్ పెట్టాలి. ఆపైన ఫాంట్స్-తెలు కలిపి, కీబోర్డులో తెలుగు చేర్చి, యూట్యూబ్ నడిపి చూసి, ఫోను తగిలించి ఫొటోలు కనిపిస్తున్నాయో లేదో చూసుకుని, ఫెదర్‌ప్యాడ్ తెరిచి అందులో 'లక్ష్మి' అని ఒకసారి టైపు చేసి, అప్పుడు చేతికివ్వాలి.